పచ్చగీత దిగిన రోజు

నిన్న తిరుచానూరులో పూలు అమ్ముకుంటూ కూర్చుని ఉంటే, ఎదురు లాడ్జి మెట్ల మీద ఒకామె ఫోనులో గది కోసం చూస్తోంది, తెర మీద చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంది, పక్కన మొగుడు విసుక్కుంటున్నాడు. ఆ చక్రాన్ని చూసేసరికి మా ఆయన గుర్తుకొచ్చి నా చేతిలో దారం ఆగిపోయింది. నాకు సంతకం పెట్టేంతవరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది.

టీవీలంత లావు కంప్యూటర్లు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అలాంటిదొకటి మా వాకిటి గదిలో పెట్టుకుని మా ఆయన జావాస్క్రిప్ట్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. మా ఆడబిడ్డ భర్తకు, నాకు అన్న వరస, ఒక లాడ్జి ఉండేది. అందులో ఏ గది ఖాళీయో తెర మీద కనపడేలా మా ఆయన చేసిచ్చాడు. రెండు గదులవాళ్ళు ఇంకొకటి అడిగితే మూడు అనకుండా ఇరవైయొకటి అని చూపించింది మొదట్లో. ఆ భాష ఒక్కోసారి అంకెలను కూడకుండా పక్కపక్కన అతికించేస్తుందట. అది సరిచేశాడు. అసలు తిప్పలు వేరే. పొద్దున చురుగ్గా ఉన్న లాడ్జి కంప్యూటరు పెట్టె భోజనాల వేళకు బిగుసుకుపోయేది.

"ఏమబ్బా బావమరిదీ, నీ పెట్టె నాకంటే ముందే కునుకు తీస్తాండాదే! పంచమితీర్థం నాడు గూడా ఇట్లే నిద్దరబోతే ఇంటికి మోసకపో, నాకు పలకా బలపం సాలు" అన్నాడు అన్న, అందరి ముందరా. పంచమితీర్థమంటే అమ్మవారి ఉత్సవాల ఆఖరి రోజు, ఊరంతా జనమే. మా ఆయన తలొంచుకుని వచ్చాడు. ఈ లాడ్జిలో నిలబడితే పక్కవాళ్ళూ పిలుస్తారని ఆయన ఆశ. లేకుంటే మళ్ళీ జిరాక్సు మిషను దగ్గర నిలబడాల్సిందే.

అప్పటినుంచి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఒడిలో కనకాంబరాలు పెట్టుకుని, మౌసు మీద వేలేసి, తెర మీది గదుల బొమ్మలు నొక్కడం నా పని. లోపల మెమరీ ఎంత నిండుతోందో చూపించే పచ్చగీతను కనిపెట్టడం ఆయన పని. గీత ఎక్కడమే గానీ దిగేది కాదు.

"నొక్కు మే, ఇంగోసారి నొక్కు."

"యేలు అరిగిపోతాండాది. పూలు ఎవురు గడతారు, నీ పచ్చగీతా?"

నవ్వుతూనే చెప్పేవాడు. పూలబుట్ట తెమ్మని పంపించి నేను ఉన్న పూలు కట్టుకుంటున్నట్టు, తెర మీద గదులు చూపించే ఆ పేజీ కూడా కబురు పంపి జవాబు కోసం ఆగకుండా తన పని చేసుకుపోతుందట. జవాబు వస్తే ఏం చేయాలో ముందే చెప్పిపెట్టాలట. ఆ చెప్పిపెట్టిన మాట గది బొమ్మను పట్టుకుని ఉంటుంది, బొమ్మ ఆ మాటను పట్టుకుని ఉంటుంది, ఎవరికో కావాలేమోనని యంత్రం రెండింటినీ పారేయదు, పేజీ మూసినా లోపలే పోగుపడి పెట్టెను బిగించేస్తాయి.

"వాటంతట అవి ఇడవవు మే. మూసేముందు మనమే ఇడదీయాల" అని, విడదీసే వాక్యం ఒకటి రాశాడు. నేను నొక్కాను, ఆయన పేజీ మూశాడు, పచ్చగీత జర్రున కిందికి జారింది. చప్పట్లు కొట్టి నా ఒళ్ళో పూలన్నీ చెదరగొట్టాడు.

పంచమితీర్థం నాడు అంత జనంలోనూ పెట్టె కునుకు తీయలేదు. అన్న మెచ్చుకోలేదు, ఆ మనిషి తీరే అంత. "నాకే నిద్దర లేకుండా జేసినావు గదప్పా" అని మాత్రం అన్నాడు. తర్వాత పక్క లాడ్జివాళ్ళూ పిలిచారు.

మా ఆయన పోయి ఏళ్ళయింది. కంప్యూటరును పాత సామాన్లవాడు తీసుకుపోయాడు. ఇప్పుడవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయట, ఎవరూ కూర్చుని నొక్కి చూడనక్కర లేదట, పక్కింటి కోడలు అంటోంది. మంచిదే. మా ఇద్దరిలో ఆయన చెయ్యి వదిలేశాడు, నా వైపు విడదీసే వాక్యం రాసేవాళ్ళు లేరు. మధ్యాహ్నం పూట వాకిటి గదిలో పూలు కడుతుంటే కుడిచేతి చూపుడువేలు ఉత్తినే కదులుతుంది. ఇంకోసారి నొక్కమనే గొంతు మాత్రం రాదు.