ఇటుకలు పట్టే గోల్‌కీపర్

ఆ రోజుల్లో నాకు తెలిసిన ఫుట్‌బాల్ అంతా దుబాయ్‌లో, అల్ కుసైస్ కూలీల క్యాంపులో, పక్క రూము కేరళవాళ్ల ఫోన్లలో తొంగి చూసిందే. మా జగిత్యాల వైపు మేం కబడ్డీ మనుషులం. బంతిని తన్నితే జీతమిస్తారని ఎవరైనా చెప్పివుంటే పగలబడి నవ్వేవాణ్ణి. అలాంటిది, కరోనా ఆంక్షలు తీసేసిన కొత్తలో, కొన్ని నెలలపాటు నేను జీతం తీసుకున్న ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. నిజమండీ! ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

అప్పుడు నా పని ఫుట్‌పాత్‌ల మీద పరిచే ఇంటర్‌లాక్ ఇటుకలు అందించడం. లారీ మీద ఒకడు నిలబడి విసురుతాడు, మధ్యలో నేను పట్టుకుని నా వెనకున్న బావకు అందిస్తాను, ఆయన పరుస్తాడు. (బావంటే మా అక్క మొగుడు. నన్ను దుబాయ్ తెచ్చిందీ ఆయనే, రోజూ తిట్టేదీ ఆయనే.) ఇందులో కిటుకేమిటంటే, వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే తర్వాతి ఇటుక మొహం పగలగొడుతుంది. పట్టడం, అదే ఊపులో నడుం పక్కనుంచి వెనక్కి విసరడం, అంతే. ఒకరోజు మా ముదీర్ సైటుకొచ్చి నా పక్కన నిలబడ్డారు. ఈజిప్టు మనిషి, కంపెనీకంతా మేనేజరు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. లారీ మీదవాడు గురి తప్పి ఒక ఇటుకను సరిగ్గా ఆయన తల మీదికి విసిరాడు. నేను ఎగిరి ఒంటిచేత్తో పట్టి, ఆయన వంకైనా చూడకుండా వెనక్కి బావకు పంపేశాను. ఇక నా ఉద్యోగం ఊడిందనుకుంటే, ముదీర్ రెండు చేతులూ పైకెత్తి "గోల్‌కీపర్! యల్లా!" (పద పద!) అని కేకేశారు.

అలా కంపెనీ ఇండోర్ ఫుట్‌బాల్ టీమ్ పుట్టింది. జట్టుకు ఐదుగురు, చిన్న మైదానం, పైన కప్పు, కప్పు కింద ఏసీ! బయట ఎండ భగ్గుమంటుంటే నేను లోపల చలికి వణుకుతూ జీతం తీసుకునేవాణ్ణి. అమ్మకు ఫోన్ చేసి చెబితే, "బంతి ఆడితే పైసలిస్తరా? అబద్ధమాడితే ఆడినవ్ గని, జర నమ్మేటట్టు ఆడు బిడ్డా" అంది. జెర్సీ వేసుకుని వీడియో కాల్ చేశాక నమ్మింది. నమ్మి ఊరంతా చెప్పింది. ఇంకేముంది, ఎలాగైనా ఆటగాడిగానే ఉండిపోవాలి, మళ్లీ ఆ ఎండలోకి పోకూడదు అని గట్టిగా అనుకున్నాను.

మొదటి మ్యాచ్ చూడ్డానికి బావ కూడా వచ్చి, సరిగ్గా నా గోల్ వల వెనకే కూర్చున్నాడు. కాసేపటికి అవతలివాడు గుండెలదిరేలా కొట్టాడు. నేను గాల్లోకి లేచి రెండు చేతులతో పట్టేశాను! హాలంతా ఈలలు! ఆ ఈలల్లోనే నా నడుం తిరిగింది, చేతులు ఊగాయి, బంతి వెనక్కి పోయింది. మా వలలోకే. వలకు అవతల బావ లేచి నిలబడి రెండు చేతులూ చాచి ఉన్నాడు (ఆయనదీ అలవాటే కదా!). "నువ్వెందుకు చేతులు చాచినవ్ బావా?" అని తర్వాత పోట్లాడితే, "నువ్వెందుకు ఇసిరినవ్ రా? ఇసిరితే పట్టద్దా?" అని ఎదురు నా మీదే లేచాడు.

నా రోగం కుదిర్చింది మా కెప్టెన్. కేరళ ఆయన, అందరం చేట్టన్ (వాళ్ల భాషలో అన్న) అనేవాళ్లం. "పకడో భాయ్, కిసీకో నహీ దేనా! మా కో భీ నహీ!" అని పొద్దస్తమానం నూరిపోశాడు. (పట్టుకో, ఎవరికీ ఇవ్వకు, కన్నతల్లికి కూడా.) బంతిని పొట్టకేసి అదుముకుని బోర్లా పడుకోవడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, నా చేతుల్లోంచి బంతి పీక్కోవడం చేట్టన్‌కు ఒక డ్యూటీ అయిపోయింది. నేను పట్టగానే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి లాక్కునేవాడు. అలా వరసపెట్టి గెలిచాం. బావను మాత్రం వల వెనక కూర్చోనిచ్చేవాళ్లు కాదు.

చివరికి అసలు మ్యాచ్ వచ్చింది. ఓడకుండా బయటపడితే లీగ్‌లో చోటు, అందరికీ ఏడాది కాంట్రాక్టు. ఓడితే టీమ్ ఖలాస్ అని ముదీర్ ముందే చెప్పేశారు. ఆఖరి నిమిషం, స్కోరు సమానం. చేట్టన్ ఆ చివర, అవతలివాళ్ల గోల్ దగ్గరున్నాడు. బంతి దూసుకొచ్చింది, నేను పక్కకు దూకాను, పట్టేశాను! బోర్లా పడి, పొట్టకింద బంతి పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. అయిపోయింది, గట్టెక్కాం, ఏడాది ఏసీ! హాలంతా ఒకటే అరుపులు. "ఇడ్సిపెట్టు రా! ఇడ్సిపెట్టు!" అని బావ గొంతు. నేనా విడిచేది? ఇంకా గట్టిగా అదుముకున్నాను. "ఛోడో! ఛోడో!" అంటూ చేట్టన్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. రిఫరీ నా పక్కనే నిలబడి వేళ్లు చూపిస్తూ లెక్కపెడుతున్నాడట. గోల్‌కీపర్ నాలుగు సెకన్లకు మించి బంతి పట్టుకోకూడదనే నియమం ఒకటుందని నాకేం తెలుసు? చేట్టన్ ఎప్పుడూ అంతదాకా రానిస్తేగా! విజిల్ మోగింది, మా గోల్ ముందే వాళ్లకు ఫ్రీకిక్ ఇచ్చారు. ఒకడు బంతిని పక్కకు జరిపాడు, ఇంకొకడు మా వలలోకి కొట్టాడు. టీమ్ అక్కడితో ఖలాస్.

ముదీర్ తిట్టలేదు. నా భుజం తట్టి "మాఫీ ముష్కిల్, హబీబీ" (ఫర్వాలేదులే నాయనా) అని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"బంతి పట్టినవా బిడ్డా?"

"పట్టిన."

"ఇడ్సిపెట్టినవా?"

"ఇడ్వలే అమ్మా."

"మరింకేంది! గెల్సినట్టే గదా!" అని ఫోన్ పెట్టేసి, ఆ మాట కూడా ఊరంతా చెప్పడానికి పోయింది.

ఇప్పుడు షార్జాలో, అల్ నహ్దాలో కాపురం. డెలివరీ వ్యాన్ నడుపుతున్నాను, వ్యానులో ఏసీ ఉంది. టీవీలో ఏ గోల్‌కీపరైనా బంతి పట్టి వెంటనే విసిరేస్తే, "అంత తొందరేంది నాయనా, జరసేపు ఉంచుకో" అని పైకే అనేస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను గానీ, గెలిచేశామనుకుంటూ నేలమీద కళ్లు మూసుకుని పడుకున్న ఆ కుర్రాణ్ణి ఇంకాసేపు ఎవరూ లేపకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.