మా ఇంట్లో లేని యాస

మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ సరిగ్గా రాదు. కదిరిలో నాయన పరుపులు కుట్టేవాడు. తిట్టినా, ముద్దు చేసినా, దేవుడికి మొరపెట్టుకున్నా తెలుగులోనే. అలాంటి ఇంట్లో పుట్టిన నేను సినిమాలు చూసి ‘సాయిబు తెలుగు’ నేర్చుకున్నాను. “నిమ్మల్కీ, నమ్మల్కీ” అని మాటలు విరిచి, లేని గడ్డం నిమురుకుంటే చాలు, కాలేజీలో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. గుంతకల్లులో ఉద్యోగంలో చేరాక ఆఫీసులోనూ అదే తంతు. ఎవరు రిటైరైనా సన్మానం, దాని వెనకే నా సాయిబు. నేనే సాయిబును కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. చప్పట్ల మత్తులో నాకు అసలే అనిపించలేదు.

నాయనకు పద్యం ప్రాణం. చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకం ఆడితే ఆయన వేషం ఉండాల్సిందే. పద్యం చివర రాగం తీస్తే జనం “వన్స్ మోర్” అని అరవాలి, ఆయన మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. ఆ నాటకాల్లో నటుడికి అంతకుమించిన మర్యాద లేదు. పోయినేడు మా పెద్దసారు రిటైర్మెంటులో ఆయనచేత పాడించాలని నేనే పట్టుబట్టి పిలిపించాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, భుజాన కండువా, తలమీద టోపీతో వచ్చాడు. హార్మోనియం వాయించే మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

ఆయనకంటే ముందు నన్ను పిలిచారు. వద్దనలేకపోయాను అని చెబితే అబద్ధం. వద్దనాలన్న ఆలోచనే రాలేదు. చేశాను. “వన్స్ మోర్!” అని హాలంతా అరిచింది. నాయన పక్కనే నిలబడి చూస్తుండగా మళ్ళీ చేశాను.

తర్వాత ఆయన మైకు ముందుకొచ్చి “పెద్దలందరికీ నమస్కారం” అన్నాడు. అంతే, హాలు గొల్లుమంది. టోపీ చూసి, ఇది కూడా నా కామెడీలో భాగమే అనుకున్నారు. పద్యం ఎత్తుకున్నాడు. మళ్ళీ నవ్వులు. గొంతు వణకలేదు గానీ, రాగం తీయకుండానే ముగించి, దండం పెట్టి దిగిపోయాడు. వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను, లేచి వరండాలో అటూ ఇటూ తిరుగుతాను.

బస్టాండులో నాయన అడిగాడు.

“యాడ నేర్చుకుంటివిరా ఆ మాటలు? మన ఇండ్లల్లో ఎవురూ అట్ల మాట్లాడరు గదా?”

“సినిమాల్లో, నాయనా.”

“వాళ్ళు యాడ విన్యారంట?”

కదిరి బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ రోజుతో మానేశాను. “మీవాళ్ళమీద నువ్వే చేసుకుంటే తప్పేముందన్నా?” అని ఆఫీసులో వాళ్ళు ఇంకా గునుస్తూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండుతుంది. మండాల్సింది వాళ్ళమీదో నామీదో తేలక ఇంకా మండుతుంది.

వచ్చే ఆదివారం ఇంకో సన్మానం ఉంది. పొద్దున నాయనకు ఫోన్ చేశాను.

“నేను మానేసినా నాయనా. ఈసారి వచ్చి పాడు, నీ రాగం వాళ్ళు వినాల.”

ఆయన అన్నాడు.

“నువ్వు మానేస్తివి, సరే. వాళ్ళు నవ్వేది మానేసినారేమో చూసి చెప్పప్పా, వస్తా.”