మా పొయ్యిలో రాని ఘాటు

ఎవరైనా దెయ్యాల సంగతి మొదలుపెడితే నేను అడిగేవి మూడే. ఎవరు చూశారు? ఎంత దూరం నుంచి చూశారు? అప్పుడు వెలుతురు ఎంత ఉంది? మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ దొరకలేదు. ఇప్పుడు రాయబోయేదానికి కూడా అవే ప్రశ్నలు నాకు నేనే వేసుకున్నాను. జరిగినవన్నీ పట్టపగలు జరిగాయి. చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. నా ఇబ్బందంతా అదే.

నేను మెకానికల్ డిప్లొమా చేశాను. నరసరావుపేట దగ్గర ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో కూలింగ్ ప్లాంట్ చూస్తాను. అమ్మోనియా ఏ వాల్వు దగ్గర లీకైనా ముందు పసిగట్టేది నా ముక్కే. ఇది గొప్పకు చెప్పడం లేదు. ముందు ముందు వాసన గురించి రాయాలి కాబట్టి చెబుతున్నాను.

మా అక్క కోటేశ్వరిని ఆమె భర్త ఆంజనేయులు చంపాడు. సెషన్స్ కోర్టు అలాగే తేల్చి యావజ్జీవం వేసింది. మాది వెల్దుర్తి పక్క పల్లె. వాళ్లదీ అదే ఊరు, రెండు వీధుల అవతల. ఆ ఏడు మిరపకాయ కోసి కల్లంలో ఆరబోశారు. కాపలాకి ఇద్దరూ అక్కడే పాక వేసుకుని ఉన్నారు. ఒక ఉదయం అక్క టార్పాలిన్ పట్టా కింద, మిరపకాయల మధ్య చనిపోయి కనిపించింది.

అతను పోలీసులకీ కోర్టుకీ చెప్పింది ఒకటే మాట. వాన మబ్బు పట్టిందని అక్క కంగారుగా కాయ మీద పట్టా కప్పిందట. కప్పుతూ కప్పుతూ కింద చిక్కుకుందట. ఆ ఘాటుకి ఊపిరాడక పోయిందట. తను నిద్రపోతున్నాడట.

మిరప పండించే ఊళ్లో ఈ మాట ఎవరూ నమ్మరు. వానొస్తుందంటే ముందు కాయని కుప్పకి లాగుతారు, ఆ తర్వాతే పట్టా కప్పుతారు. పరిచిన కాయ మీద పట్టా వేస్తే కింద నుంచి నీళ్లు పారి పంటంతా బూజు పడుతుంది. ఇది పదేళ్ల పిల్లకి కూడా తెలుసు. అక్క పుట్టి పెరిగిందే కల్లంలో. అమ్మ బోనులో నిలబడి ఇదే చెప్పింది. అవతలి వకీలు నవ్వి, "పట్టా ఎట్లా కప్పాలో చట్టంలో రాసి ఉందా అమ్మా?" అన్నాడు. అమ్మ వెంటనే, "రాసి లేదయ్యా. మీ ఇంట్లో ఇంత కారం తింటన్నారే, అది మేం ఎండబెడితేనే వచ్చింది" అంది. జడ్జిగారు తల దించుకుని నవ్వు ఆపుకున్నారు.

శిక్ష పడడానికి అసలు ఆధారం డాక్టరు మాట. శ్వాసనాళంలో మిరప ధూళి ఆనవాలే లేదని ఆయన చెప్పాడు. బతికుండగా ఆ పట్టా కింద ఒక్క ఊపిరి పీల్చినా ధూళి లోపలికి పోయేది. అంటే కాయలో పడేసే వేళకే అక్క ప్రాణం లేదు. గోతంతో మొహం అదిమి చంపి అక్కడ పడేశాడు.

అతను హైకోర్టుకి అప్పీలు చేశాడు. వాళ్ల వకీలు పట్టుకున్న లోపం మామూలుది కాదు. డాక్టరు ఆ ధూళి మాట సాక్ష్యంలో చెప్పాడు కానీ పోస్టుమార్టం రిపోర్టులో రాయలేదు. అది తర్వాత కల్పించిన మాట అని వాళ్ల వాదన. ప్రభుత్వ వకీలు మాకు దాచకుండా చెప్పాడు. "ఆ ఒక్క మాట నిలబడకపోతే అతను బయటికొచ్చేస్తాడు. ఆశలు మరీ ఎక్కువ పెట్టుకోకండి." ఈలోగా అప్పీలు తేలేదాకా శిక్ష ఆపి బెయిలు ఇచ్చారు. వారానికోసారి మా మండలం పోలీసు స్టేషన్లో సంతకం పెట్టాలన్నది షరతు.

అతను ఊరికి వస్తున్న రోజు అమ్మ నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్ శీనూ, అక్క కాయలో ఒక గుప్పెడు పట్రా" అంది. అతన్ని అరెస్టు చేశాక ఆ కల్లంలో కాయ అమ్మ చేతికొచ్చింది, ఆమె దాన్ని అమ్మలేదు. గోనె టిక్కీలకెత్తించి నేను పనిచేసే చోటే పెట్టించింది. తేజ రకం. చల్లటి గదిలో ఉన్న కాయకి రంగూ పోదు, కారమూ తగ్గదు. నేను కవర్లో వేసుకుని బస్సెక్కాను.

మధ్యాహ్నం అన్నాల వేళ అమ్మ ఆ కాయలూ ఇంత ఉప్పూ పిడికిట్లో పట్టుకుని అక్క ఫోటో చుట్టూ తిప్పింది, పిల్లలకి దిష్టి తీసినట్టు. పక్కింటి అంజమ్మత్త గోడ మీదుగా చూసి, "పోయినోళ్లకి దిష్టేందమ్మా వదినా?" అంది.

"దిష్టి కాదే. దీని మొగుడు ఘాటుకి చచ్చిందన్నాడుగా. ఆ ఘాటేందో వాడూ చూడాల" అని అమ్మ పెరట్లో మండుతున్న కట్టెల పొయ్యిలో వేసింది.

నేను ముందే కండువా ముక్కుకి కట్టుకున్నాను. కాయలు నల్లబడ్డాయి, పగిలాయి, గింజలు చిటపటలాడాయి, పొగ లేచింది. ఘాటు రాలేదు. కండువా తీసి పొయ్యి మీదికి వంగాను. కట్టెల పొగ వాసన తప్ప ఏమీ లేదు. గోడ అవతల అత్త కూడా దగ్గలేదు. దిష్టి గట్టిగా తగిలితే ఘాటు రాదని మా వైపు అంటారు. అమ్మ అలా అనలేదు. బూడిద కదిపి, "పోవాల్సిన చోటికి పోయింది" అని లోపలికెళ్లి అన్నం పెట్టింది.

సాయంత్రం టీ కొట్టు దగ్గర విన్నాను. ఆంజనేయులు మధ్యాహ్నం బస్సు దిగి ఆ కొట్టు దాకా వచ్చాడట. గొంతు పట్టుకుని కూలబడ్డాడట. "ఎవడ్రా మిరపకాయలు కాల్చేది?" అని అరుస్తూ దగ్గాడట. చుట్టూ పదిమంది ఉన్నారు. ఎవరికీ ఏ వాసనా రాలేదు. కొట్టు ఓనరు, "జైలు తిండికి అలవాటుపడి ఊరి గాలి పడటం లేదు అల్లుడికి" అన్నాడట. అందరూ నవ్వారట.

నేను దాన్ని అంతటితో వదల్లేదు. కాయ చచ్చుబడిందేమో అనుకున్నాను. అప్పుడు ఘాటు రాకపోవడంలో వింత లేదు. మర్నాడు అమ్మ చేనికి వెళ్లాక కవర్లో మిగిలిన కాయలు తీశాను. అదే పొయ్యి, అవే కట్టెలు. వేసిన వెంటనే పెరట్లో నిలబడలేక వీధిలోకి పరిగెత్తాను. అంజమ్మత్త దగ్గుతూ గోడ దగ్గరికి వచ్చి, "ఒరేయ్ శీనిగా, మమ్మల్ని చంపుతావేంట్రా! మీ అమ్మ రానీ, నీ సంగతి చెప్తా!" అని తిట్టింది. కాయలో లోపం లేదు. నా ముక్కులోనూ లేదు.

ఆ తర్వాత అతని దగ్గు ఆగలేదు. నరసరావుపేటలో ఛాతీ డాక్టరు ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడట. మనసు డాక్టరుకి చూపించమన్నాడట. ఊళ్లో మిరప వల్లేనేమో అని విజయపురి సౌత్‌లో చుట్టాల ఇంట్లో ఉండి వచ్చాడు. అక్కడ కృష్ణా నది గాలి తప్ప మరేం లేదు. అక్కడా అదే దగ్గు. నిజం చెప్పాలంటే ఈ కబుర్లు వింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. అమ్మ అయితే ఒక్కో కబురూ రెండుసార్లు చెప్పించుకునేది.

మా స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. ఆయన కాయ కూడా మా కోల్డ్ స్టోరేజీలోనే ఉంటుంది. ఒకసారి వచ్చినప్పుడు చెప్పాడు. ఆంజనేయులు సంతకానికి వస్తే స్టేషన్ గడప దాటగానే దగ్గు ఆగిపోతుందట. బల్ల మీద కూర్చుని ఆబగా ఊపిరి పీల్చుకుంటాడట. సంతకం అయ్యాక వెళ్లడట. సంతకం లేని రోజుల్లో కూడా వచ్చి కూర్చుంటున్నాడట.

"బెయిలు మీద ఉన్నోడివి బయట ఉండవయ్యా, లోపలేసుకోడానికి నీ మీద కొత్త కేసేం లేదు అని తరిమితే ఏమన్నాడో తెలుసా? ఏదో ఒకటి రాసి ఏసుకోండి సార్ అన్నాడు" అని హెడ్డుగారు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

కొన్నాళ్లకి అతను నా దగ్గరికే వచ్చాడు. ఎండ వేళ. హమాలీలు లారీలోంచి టిక్కీలు దించుతున్నారు. తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"బామ్మర్దీ" అన్నాడు.

"ఆ పిలుపు వద్దు" అన్నాను. "ఇన్ని మిరపకాయల మధ్యకి ఎందుకొచ్చావ్?"

"యాడైనా ఒకటే నాకు. శీనూ, మీ అమ్మకి చెప్పయ్యా. ఇక చాలని చెప్పు. రోజూ కాలుస్తా ఉంది. నాకు తెలుసు."

అమ్మ కాల్చింది ఒక్కసారే. ఆ మాట అతనికి చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

"మా అక్క ఘాటుకి చచ్చిందని కోర్టులో నువ్వే రాయించావుగా. నువ్వు రాయించిందే నీకు జరుగుతోంది. ఆ మాట అక్కడే చెరిపించుకో" అన్నాను.

అతను తువ్వాలు తీసి ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు. ఆ ఊపిరి నా మొహానికి తగిలింది. పచ్చి మంట. కళ్లు మూసుకుపోయాయి, గొంతు బిగిసింది, పక్కనున్న పైపు వాల్వు పట్టుకుని ఒంగిపోయాను. రోజూ మిరప ధూళిలో తిరిగే నాకు కళ్లలో నీళ్లు రావడం ఏనాడో ఆగిపోయింది. మాకు అడుగు దూరంలో టిక్కీ మోస్తున్న హమాలీ ఆగి, "ఏందన్నా, గ్యాస్ లీకయిందా?" అన్నాడు. అతనికి ఏమీ తగల్లేదు. నేను తేరుకునేసరికి ఆంజనేయులు వెళ్లిపోయాడు.

ఆ వారమే కోర్టుకి వెళ్లి లొంగిపోయాడు. అప్పీలు వద్దని వకీలుతో చెప్పించాడు. ఇలాంటి కక్షిదారుని తన సర్వీసులో చూడలేదని ఆ వకీలు అందరి ముందూ మొత్తుకున్నాడట. హైకోర్టు మాత్రం అతను వద్దన్నంత మాత్రాన వదల్లేదు. రికార్డంతా చదివి, డాక్టరు మాట నమ్మదగిందేనని రాసి, శిక్ష ఖాయం చేసింది. తీర్పు చదివి వినిపిస్తే అమ్మ మొదటిసారి ఏడ్చింది. ఏడ్చి, "ఉరి పడనందుకే మంచిదైంది. బతకనీ. చానా ఏళ్లు బతకనీ" అంది.

జైల్లో అతను దగ్గడం లేదని హెడ్డుగారు చెప్పాడు. పెరోలు ఇస్తామన్నా వద్దంటున్నాడట.

నాకు అర్థమైనంత వరకు రాస్తాను. చేసిన పాపం గుర్తొచ్చి మనిషికి దగ్గు రావచ్చు, ఛాతీ డాక్టరు ఉద్దేశమూ అదే. స్టేషన్లో తగ్గడానికీ ఆ కారణమే సరిపోతుంది. కానీ మా పెరట్లో ఆ కాయలకి ఘాటు ఎందుకు రాలేదో, నా కళ్లు ఎందుకు మండాయో దానితో తేలడం లేదు. మరో కారణం కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

ఇక చాలని చెప్పమన్నాడు. అమ్మకి ఆ మాట చేర్చలేదు. ఆమె ఆ రోజు తర్వాత పొయ్యిలో ఒక్క కాయ కూడా వేయలేదు. మరి అతనికి రోజూ కాల్చింది ఎవరో నాకు తెలియదు. తెలిసినా ఆపమని చెప్పను.