రోజుకు మూడు విసుర్లు

ఏప్రిల్ పదకొండు, శుక్రవారం ఉదయం లాబ్రడార్ పిల్ల మా ఇంటికి వచ్చింది. వయసు యాభై ఎనిమిది రోజులు. బరువు అయిదు కిలోల రెండు వందల గ్రాములు. తోటలో నిమ్మకాయలు తూచే కాటా మీద నేనే తూచాను. నాకప్పుడు అరవై ఆరేళ్లు.

ఒమాన్‌లో సోహార్ పట్టణం దాటాక ఉన్న ఆ తోటకు మా ఆయన సూపర్‌వైజరు. ఆ దేశంలోనే ఘుబ్రా బడిలో ఇరవై ఆరేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక నేనూ అక్కడికే చేరాను. తోట యజమాని ఒమానీ ఆయన, శుక్రవారాలు వచ్చేవాడు. చలికాలంలో పంట పాడుచేసే గోరువంకలను అనుమతి తీసుకుని కాల్చేవాడు. కొట్టిన పిట్ట పశువుల గడ్డిలో పడిపోతే దొరికేది కాదు, అక్కడే కుళ్లేది. అందుకని పిట్టను నలపకుండా నోట పట్టుకొచ్చి తన చేతికిచ్చే కుక్క కావాలనుకున్నాడు. డిసెంబరు మొదటి శుక్రవారానికి అది పని నేర్వకపోతే, పోర్టు దగ్గరున్న తన గోడౌనుకు కాపలాకు పంపేస్తానన్నాడు.

ఆ గోడౌను దగ్గరి కుక్కను నేను చూశాను. దాని గొలుసు రెండు మీటర్లు. అది తిరిగినంత మేర నేల గుండ్రంగా అరిగిపోయి ఉంది.

నేను నేర్పుతానన్నాను.

"పుట్టినకాడికెల్లి గుడ్డు ముట్టనిదానివి, కుక్కకు వేట నేర్పుతవా?" అన్నాడు మా ఆయన.

నేర్పేది తెచ్చివ్వడం, కాల్చడం కాదు అని చెప్పాను.

ముందు తుపాకీ చప్పుడుకు బెదరకూడదు. అది అన్నం తినేటప్పుడు మా ఆయన అరవై అడుగుల దూరాన నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక దెబ్బ కొట్టేవాడు. వారానికి పది అడుగులు దగ్గరికి జరిపాను. ఆరు వారాలకు దాని పక్కనే కొట్టినా తోకాడిస్తూ తింటూనే ఉంది.

జులై చివర్లో నా పాత నూలుచీర చింపి, చుట్టచుట్టి కుట్టి, జానెడు బొమ్మ చేశాను. ఎండ రాకముందే, ఉదయం అయిదుంపావుకు, గడ్డి మడిలోకి విసిరేదాన్ని. అది వెతికి తెచ్చి నా చేతిలో పెట్టేది. మొదటి వారం రోజుకు అయిదు విసుర్లు. తర్వాత వారానికి మూడు చొప్పున పెంచాను. అయిదో వారానికి పదిహేడు. ఎన్ని విసిరిందీ ఎన్ని తెచ్చిందీ నోటుబుక్కులో రాసుకునేదాన్ని. రెండు అంకెలూ సమానంగా ఉన్నరోజు నాకు తృప్తిగా ఉండేది.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన, పన్నెండో విసురుకు అది బొమ్మ దాకా వెళ్లి, దాని పక్కనే పడుకుంది. మర్నాడు మొదటి విసురుకే లేవలేదు. మూడో రోజు బొమ్మను చూడగానే మంచం కిందికి దూరింది.

"ఇంపొజిషన్ రాపిచ్చినట్టు రాపిస్తివి. ఇంకేం జేస్తది?" అన్నాడు మా ఆయన.

నాకు కోపం వచ్చింది. తర్వాత, క్లాసులో నేనిచ్చిన ఇరవై లెక్కల్లో పదింటికే అలసిపోయి, మిగిలినవి పక్కవాళ్లవి చూసి దించేసిన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లకు లెక్కలంటే అసహ్యం పుట్టించింది నేనేనేమో. మంచం దగ్గర నేలమీద కూర్చుని చాలాసేపు కిందికి చెయ్యి చాచి ఉంచాను. చివరకు వేళ్లు నాకింది.

పది రోజులు బొమ్మను బీరువాలో పెట్టేశాను. పదకొండో రోజు మూడే మూడు విసిరాను. నాలుగోది కావాలని ఎగురుతుంటే బొమ్మ చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. దారంతా నా కాళ్లకు అడ్డం పడుతూ గంతులేసింది. ఆ తర్వాత మూడు దాటలేదు.

మిగిలింది ఇంకో చిక్కు. శుక్రవారం యజమాని విసిరినా, అది ఆయనను దాటుకుని వచ్చి నా చేతికే ఇచ్చేది. తప్పు నాదే. బొమ్మ నా చీరతో కుట్టింది, నా వాసనది. ఆయన తలకు చుట్టుకునే మస్సర్ పాతదొకటి, ఉతకనిది, ఇమ్మని అడిగాను. వింతగా చూసి ఇచ్చాడు. చీరగుడ్డ ఊడదీసి మస్సర్ గుడ్డ కుట్టాను. ఆ పూట సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. అక్టోబరు నుంచి ప్రతి శుక్రవారం ఆయన వెనక పదేసి అడుగులు దూరం జరుగుతూ నిలబడ్డాను.

డిసెంబరు మొదటి శుక్రవారం. మూడు పిట్టలు చాలు, ఆ పైన తుపాకీ దించాలని యజమానికి ముందే చెప్పాను. తలూపాడు. నేను పంపుషెడ్డు వెనక దాక్కున్నాను. పిడికెడు మట్టి గాలికి వదిలి, నా వాసన కుక్క వైపు పోవడం లేదని చూసుకున్నాను. గోడ పక్కనుంచి తొంగిచూస్తూ మా ఆయన చెప్పాడు.

"పోతున్నది. దొరికింది. వస్తున్నది... ఆగింది."

"ఎందుకు?"

"నీకోసం దేవులాడుతున్నది." కాసేపయ్యాక అన్నాడు, "ఇచ్చింది. ఆయన చేతికే ఇచ్చింది."

రెండోదీ ఇచ్చింది. మూడో పిట్టను పట్టుకుని నిదానంగా వస్తోందన్నాడు. అంతలోనే, యజమాని నాలుగో పిట్టకు ఇంకో తూటా పెడుతున్నాడన్నాడు.

నేను లేచాను. మా ఆయన నా కొంగు పట్టుకున్నాడు.

"పోకు. నిన్ను జూస్తే పిట్టను నీకే తెస్తది. మొదటికి మోసమయితది. గోడౌన్ల పడ్తది."

నాకూ తెలుసు. కానీ ఆగస్టులో మంచం కింద చూసిన కళ్లు మళ్లీ చూడలేను. బయటికి నడిచాను. పిలవలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

కుక్క నాకూ యజమానికీ మధ్య ఆగిపోయింది. నన్ను చూసింది. ఆయనను చూసింది. ఆయన దగ్గరికి వెళ్లి, కూర్చుని, పిట్టను అరచేతిలో పెట్టింది. తర్వాత ఖాళీ నోటితో పరుగెత్తుకొచ్చి, నన్ను గట్టు మీద కూలేసి, ముఖమంతా నాకింది.

యజమాని దగ్గరికొచ్చి అరచెయ్యి చూపించాడు. పిట్టకు ఒక్క పంటి గాటు కూడా లేదు. పెట్టిన తూటా బయటికి తీసేశాడు.

"తీన్. బస్, టీచర్," అని హిందీలో అన్నాడు.

గోడౌను మాట ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. కుక్క మా దగ్గరే ఉంటోంది. ఇప్పటికీ ఉదయం అయిదుంపావుకు బొమ్మను నోట పట్టుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. మూడు అయ్యాక, నాలుగోది విసరమని నా చీర కుచ్చెళ్లు పట్టి లాగుతుంది. నేను విసరను.