వేడి చేసిందని చెప్పాను

ముప్పై ఏళ్లు దాటినా ఒక అబద్ధం నన్ను వదలలేదు. చిన్న అబద్ధం, రెండు ముక్కలు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే ‘అప్పుడు అందరి పరిస్థితీ అంతే కదా’ అని ఓదారుస్తారు. ఆ ఓదార్పు నాకు వద్దు.

అప్పట్లో నేను కువైట్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. మా డాక్టరు ఈజిప్టు మనిషి, పిత్తరసం మీద పరిశోధన చేసేవాడు. కొవ్వు తిన్నప్పుడల్లా అది అరగడానికి పిత్తరసం పేగులోకి వస్తుంది. అందులోని ఆమ్లాలు చాలావరకు తమ పని చూసుకొని చిన్నపేగు నుంచే కాలేయానికి తిరిగి వెళ్లిపోతాయి. పెద్దపేగులోకి జారినవాటిని అక్కడి సూక్ష్మజీవులు మరో రకం ఆమ్లాలుగా మారుస్తాయి. అవి పేగు లోపలి పొరను ఏళ్ల తరబడి కొరుకుతూ ఉంటే, ఆ పొర మానుతూ మానుతూ ఎప్పుడో దారి తప్పి గడ్డ కడుతుందేమో అని ఆయన అనుమానం. అనుమానమే, రుజువు కాదు అని ఆయనే ప్రతిసారీ చెప్పేవాడు. పరీక్ష కోసం డబ్బాల్లో మలం తెప్పించేవాడు. వాటితో వేగేది నేను. మిర్కాబ్‌లో మా బిల్డింగు తెలుగువాళ్లు నన్ను ‘పైత్యం సారు’ అని ఏడిపించేవాళ్లు.

డబ్బా ఇచ్చేవాళ్లలో ఓబులేసన్న ఒకడు. మా కడప మనిషే. అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌కు చిన్న సైజు హాఫ్ లారీ నడిపేవాడు. అంతకు కొన్నేళ్ల ముందు రాళ్లున్నాయని అతని పిత్తాశయం తీసేశారు. అప్పటినుంచి కొవ్వు తింటే చాలు, కడుపు జారేది. అలాగని పనీ వీసా ఇచ్చిన కఫీల్ ఇంటినుంచి వచ్చే మాంసం పళ్లేన్ని వదిలే రకం కాదు. తిని, నవ్వుతూ పరుగెత్తేవాడు.

ఇరాక్ సైన్యం రావడానికి కొద్ది రోజుల ముందు అతని డబ్బాలో నెత్తురు కనిపించింది. డాక్టరు నన్ను పిలిచి, మొలలే కావచ్చు, గడ్డా కావచ్చు, పేగులోకి గొట్టం వేసి చూడాల్సిందే, నీ మాటైతే వింటాడు కాబట్టి నువ్వే చెప్పు అన్నాడు. రేపు చెబుదాం అనుకున్నాను. అంతలో వీధుల్లోకి ట్యాంకులు వచ్చాయి.

డాక్టరు కుటుంబంతో వెళ్లిపోయాడు. పోతూపోతూ మళ్లీ గుర్తుచేశాడు. ఆస్పత్రి ఇంకా నడుస్తూనే ఉంది. గొట్టం వేయగల సర్జను అక్కడే ఉన్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు?

నా భార్య నిండు గర్భిణి. అంగళ్లలో సరుకు అయిపోతోంది. ఓబులేసన్న కఫీల్ సెలవులకు విదేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. లారీ తాళాలు అన్న చేతిలోనే ఉన్నాయి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరితే అక్కడినుంచి విమానాలున్నాయని అందరూ అంటున్నారు. అన్న మా ఇంటికి వచ్చి, నీ పెళ్లాన్ని తీసుకొని రా, పోదాం అన్నాడు. ఆ క్షణంలో నేను ఆ మాట చెబితే అతను ఆస్పత్రికి పోతాడు. లారీ ఆగిపోతుంది. నేను నోరు మూసుకొని సంచీ సర్దుకున్నాను. తర్వాత కొన్నాళ్లకు మనవాళ్ల కోసం బస్సులు కూడా వేశారట. ఆగి ఉంటే సరిపోయేదని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు.

సరే, అప్పటికి అది మౌనమే. మౌనానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. అసలు తప్పు బాగ్దాద్ దాటాక జరిగింది. మధ్యాహ్నం, ఎడారిలో లారీ ఆపి అన్న టైరు చాటుకు వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. నన్ను పక్కకు పిలిచాడు.

“అబ్బీ, నెత్తురు పడతాంది. శానా పడతాంది. నువ్వు ల్యాబులో ఉంటివి గదా, నా డబ్బా చూసింటావు. ఏందిది? ఉన్నదున్నట్టు చెప్పు.”

ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. లారీలో నా భార్య నొప్పులొస్తున్నాయేమో అని పొట్ట పట్టుకొని కూర్చుంది. ఇప్పుడు చెబితే ఇతను భయపడి బాగ్దాద్‌లో ఏ ఆస్పత్రికో బండి తిప్పుతాడు అనుకున్నాను.

“ఏంలేదన్నా, వేడి చేసింది. పైత్యం. ఊరికి పోయి మజ్జిగ తాగు, అదే తగ్గుతాది.”

“అంతేనా?”

“అంతే.”

మనవైపు ఏ రోగానికైనా మొదటి పేరు వేడే కదా. అమ్మ చెప్పే మాట, ఎవరూ సందేహించని మాట. పైగా చెప్పినవాడు ల్యాబు మనిషి. అన్న ముఖం తేటపడింది. నా వీపు తట్టి, యల్లా, పోదాం పద అని బండెక్కాడు. సరిహద్దు దాకా పాటలు పాడుతూ నడిపాడు.

జోర్డాన్‌లో చెప్పొచ్చు. చెప్పలేదు. బొంబాయిలో దిగాక చెప్పొచ్చు. అప్పుడు సిగ్గు అడ్డొచ్చింది. ‘అన్నీ తెలిసే నాతో అంతదూరం బండి తోలించినావా’ అని అడిగితే? భయం దారిలోనే దిగిపోయింది, దాని సీట్లో సిగ్గు కూర్చుంది. నా కూతురు పుట్టింది. బారసాలకు అన్న వచ్చాడు, అప్పటికే చిక్కిపోయాడు. ఎత్తుకొని ముద్దాడాడు. నేను వంటవాళ్ల వైపు తప్పుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత పోయాడు. ఆస్పత్రిలో చూసేసరికి గడ్డ పెద్దపేగు దాటి కాలేయానికి పాకిందట. పరామర్శకు వెళితే అతని భార్య నన్ను కూర్చోబెట్టి చెప్పింది. “ఎంతమంది చెప్పినా పెద్దాస్పత్రికి పోల్యా నాయనా. మా ల్యాబు తమ్ముడు చూసినాడు, వేడే అన్యాడు అంటాండె.” నిందించలేదు. ఆమె దృష్టిలో నేను తప్పు చేసినవాణ్ణి కాదు, పొరపాటు పడినవాణ్ణి. ఆ పొరపాటు ముసుగులోనే ఇన్నేళ్లూ బతికాను.

నాకు నేను చెప్పుకున్న సమర్థన కూడా చెబుతాను. ఆ ఆమ్లాల పని ఏళ్ల మీద సాగేది, గడ్డ ఎప్పుడో మొదలై ఉంటుంది, నా అబద్ధం కలిపిన కాలమెంత అనుకునేవాణ్ణి. చదువు ఇందుకు పనికొచ్చింది చూడండి. నిదానంగా పెరిగే రోగమైతే, ముందే చూసినవాడికి ఆపే వీలూ ఎక్కువే. ఆ సగం మాత్రం నేను తలచుకునేవాణ్ణి కాదు. చెప్పి ఉంటే అన్న బతికేవాడా? తెలియదు. చెప్పి ఉంటే నా కూతురు క్షేమంగా పుట్టేదా? అదీ తెలియదు. ఈ రెండు ప్రశ్నలను ఎదురెదురుగా పెట్టి తూచడం మానేశాను. తూకంలో పెట్టిన ప్రాణం నాది కాదు.

అన్న భార్యకు ఈ విషయం చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఉందని అబద్ధం ఆడను. కానీ ఆ రోజు చెప్పాల్సిన మాట ఒక్కసారైనా నా నోటితో అనాలని ఉంది. ఇప్పుడే, గదిలో ఎవరూ లేనప్పుడు, పైకి అన్నాను.

“అన్నా, అది వేడి కాదు. గడ్డ ఉండొచ్చని డాక్టరు చెప్పినాడు. నాకు ముందే తెలుసు. బండి తిప్పు, ఆస్పత్రికి పోదాం.”