గంజి పోసిన బదనిక

ఇప్పుడు పట్నంలో ఎవరింటికి పోయినా బల్ల మీద ఒక ఆర్కిడ్ కుండీ కనబడుతుంది, పక్కనే చిన్న పిచికారీ సీసా. ఆ ఇంటావిడ దాని పేరు చెబుతుంది, అది ఎంత సుకుమారమో చెబుతుంది, నీళ్లు ఎక్కువైతే చస్తుందని నాకే నేర్పుతుంది. నేను తలూపి ఊరుకుందామనే అనుకుంటాను. ఊరుకోవడం నాకు చేతకాని విద్య కాబట్టి కాసేపటికే నోరు జారుతుంది. ఆకుల వంక కాదమ్మా, వేళ్ల వంక చూడు అంటాను. ఆవిడకు కోపం వస్తుంది. కాఫీ చల్లారిపోతుంది.

మా నాయిన దాన్ని బదనిక అనేవాడు. మా పుట్టిల్లు మహబూబ్‌నగర్ జిల్లాలో అమ్రాబాద్ దగ్గర, నల్లమల అడవి మొదలయ్యే చోట. నాయినకు మగ్గం ఉండేది. ఎండాకాలం పోగులు పటపటా తెగుతుంటే విసుగెత్తి మగ్గం ఆపేసి, నేసిన పంచెలు, తువ్వాళ్లు మూటగట్టుకొని అడవి పల్లెలకు అమ్మకానికి పోయేవాడు. వచ్చేటప్పుడు మూట ఉన్న భుజం మీద ఒక విరిగిన కొమ్మ ఉండేది. దాని మీద దళసరి ఆకుల బదనిక. గాలికి పడిపోయిన కొమ్మల మీదివే తెచ్చేవాడు గానీ, నిలబడి ఉన్న చెట్టు మీది దాన్ని ముట్టుకునేవాడు కాదు. బట్టలు తీసుకుపోయి కట్టెలు తెచ్చే వ్యాపారం ఎక్కడా చూడలేదని అమ్మ నవ్వేది.

పగిలిన కుండల అడుగున చిల్లులు పొడిచి, బొగ్గులూ ఇటుక ముక్కలూ నింపి, వాటిలో బదనికలను నిలబెట్టి చూరుకు వేలాడదీసేవాడు. పిడికెడు మన్ను కూడా వేసేవాడు కాదు. వేళ్లు కుండలోంచి బయటికొచ్చి గాలిలో వేలాడుతుండేవి. మా అవ్వకు అది చూస్తే ప్రాణం ఊరుకునేది కాదు, వేళ్లు బయటపడ్డ చెట్టు ఎట్లా బతుకుతుందని నాయిన లేనప్పుడు మన్ను కప్పబోయేది. నాయిన వచ్చి మెల్లగా తీసేసేవాడు.

“చెట్టును పట్టుకుంటది గని చెట్టును తినదు బిడ్డా. దానికి గాలే బువ్వ,” అని నాకు చెప్పేవాడు.

నీళ్లు పోయడంలో ఆయనది ఒకటే పద్ధతి. పొద్దు పొడవకముందే వాన నీళ్ల చెంబుతో చూరు కింద నిలబడి ముందు వేళ్లను చూసేవాడు. ఎండిన వేరు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. నీళ్లు తగలగానే ఆ తెలుపు పోయి లోపలి పచ్చదనం పైకి వస్తుంది. పచ్చబడితే చాలు, ఆపేయాలి. మళ్లీ తెల్లబడేదాకా దాని జోలికి పోకూడదు. ఆకుల మొదట్లో నీటి చుక్క నిలిస్తే కుళ్లిపోతుందని పంచె కొంగుతో అద్దేవాడు. నాకు నడక వచ్చినప్పటినుంచీ ఆయన వెనక నిలబడి చూసిన పని అది.

నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లి అవతల ఒక నేత పల్లెలో నన్ను ఇచ్చారు. సాగనంపే రోజు నాయిన ఒక బదనిక కుండ తెచ్చి నా చేతిలో పెట్టాడు. దేవరకొండ మీదుగా బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకొని వచ్చాను. అత్తగారింట్లో బొగ్గులు దొరకవనా తీసుకుపోతున్నావు అని కండక్టర్ ఎగతాళి చేశాడు. మా ఆయన అంతకంటే తక్కువ వాడేం కాదు. పిల్లనిస్తారనుకుంటే మా నాయిన తనకు బొగ్గుల కుండ అప్పజెప్పాడని నెల రోజులు ఊరంతా చెప్పుకొని నవ్వాడు.

అత్తగారింట్లో అత్త లేదు. నేను రాకముందే పోయింది. ఉన్నది మా ఆయన, మా మామ. మామ పొద్దస్తమానం గుంట మగ్గం మీద, కాళ్లు గుంటలో పెట్టి కూర్చునేవాడు. ఆ రోజుల్లో మా ఇళ్లలో కోడలు మామ ఎదుట పడకూడదు, మాట్లాడకూడదు. ఆయన ఇంట్లోకి వచ్చే ముందు దగ్గేవాడు, నేను తలుపు చాటుకు పోయేదాన్ని. అన్నం వడ్డించానని చెప్పాలంటే చెంబు చప్పుడు చేయాలి. ఆయనకు మజ్జిగ కావాలంటే గోడతో చెప్పేవాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కొని గిన్నె అక్కడ పెట్టి వచ్చేదాన్ని. నాకు పుట్టుకతో వచ్చిన నోరు పెద్దది, ఆ ఇంట్లో దాన్ని కట్టేసుకొని తిరగడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఆ మాటలన్నీ బదనికతో చెప్పుకునేదాన్ని. మా ఊరి బావి నీళ్లు ఉప్పనివి, కుండ మీద తెల్లగా పొర కట్టేవి. దానికి ఆ నీళ్లు పడవు. అందుకే వాన పడినప్పుడు చూరు కింద గోళెం పెట్టి నింపుకొని, దాని మీద బట్ట కట్టి దాచేదాన్ని. తాగడానికే నీళ్లు చాలని చోట, కాయ కాయని చెట్టుకు వాన నీళ్లు దాస్తోందని ఇరుగుపొరుగు నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాను.

మరుసటి ఏడు నాయిన జ్వరం వచ్చి పోయాడు. కబురు అంది నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాత నాకు నెల తప్పింది. ఏడో నెలలో కాన్పుకు పుట్టింటికి పోతే చూరు బోసిగా ఉంది. నాయిన పోయాక అమ్మ తల ఎత్తి చూరు వంక చూడలేదట. చూసేనాటికి బదనికలన్నీ ఎండి వరుగులైపోయాయి. కుండలు తీసి దొడ్డి వెనక బోర్లించింది. నాయిన చేత్తో పెట్టినవాటిలో ఇక మిగిలింది అత్తగారింట్లో నా కుండ ఒక్కటే. కాన్పు నొప్పుల్లో కూడా అది నా మనసులో మెదిలిందంటే మీరు నమ్మినా సరే, నమ్మకపోయినా సరే.

బయల్దేరేటప్పుడు మా ఆయనకు నీళ్ల సంగతి విడమరిచి చెప్పి, మళ్లీ నాకు అప్పజెప్పించుకొని మరీ వచ్చాను. నాగార్జునసాగర్ డ్యాం కడుతున్న రోజులవి. అక్కడి కూలీలకు తువ్వాళ్లు బాగా అమ్ముడుపోతాయని ఆయన మూట కట్టుకొని పోయి ఆ ఎండాకాలమంతా అక్కడే ఉన్నాడని నాకు తెలియదు.

తొలకరి చినుకులు పడ్డాక బిడ్డను ఎత్తుకొని తిరిగి వచ్చాను. వాకిట్లో కాలు పెట్టగానే పులిసిన వాసన. ముందు చూరు కిందికే పోయాను. కుండ నిండా చీమలు. బొగ్గుల మీద తెల్లటి జిగురు. వేళ్లు నల్లబడి మెత్తగా జావలా ఉన్నాయి. కింది ఆకులు ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చాయి. బిడ్డను మా ఆయన చేతిలో కుక్కినట్టు పెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఒక్క చెట్టును చూడలేనివాడివి రేపు ఈ బిడ్డను ఏం చూస్తావన్నాను. ఆయన తిట్లన్నీ పడి, తాను ఊళ్లోనే లేనని మెల్లగా చెప్పి, కళ్లతో మగ్గం గది వైపు చూపాడు.

అప్పుడు అర్థమైంది ఆ వాసన ఏమిటో. మా వాళ్లు పొద్దున్నే పడుగును, అంటే మగ్గం మీద నిలువుగా పరిచే పోగులను, వీధి పొడుగునా చాపి కుంచెతో గంజి పట్టిస్తారు. గంజి పట్టని పోగు మగ్గం మీద నిలవదు, తెగిపోతుంది. మామ ఆ గంజి తీసుకుపోయి ఇందులో పోశాడు. ఒకనాడు కాదు, ఎండాకాలం పొడుగునా పోశాడు.

నాకు ఒళ్లు తెలియలేదు. ముఖం మీద కొంగు ఉందో లేదో చూసుకోలేదు. కుండ తీసుకొని మగ్గం గదిలోకి పోయి ఆయన ముందు పెట్టాను. పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆగింది.

“మామా, దీనికి గంజి పోసినవా?”

ఆ ఇంటికి వచ్చాక ఆయనతో నేనన్న మొదటి మాట అది. మామ నా వైపు చూడలేదు, కుండనే చూశాడు. కాళ్లు గుంటలోంచి తీసి నేల మీద కూర్చున్నాడు.

“పోసిన బిడ్డా. ఎండకు ఆకులు వాలిపోతుంటె చూడలేకపోయిన. పోగుకు బలం గంజే గదా, దీనికి గూడ గట్లనే అనుకున్న. మీ నాయినది. నా చేతుల పోవద్దనుకున్న.”

అంత కోపంతో పోయినదాన్ని అక్కడే కూలబడి ఏడ్చాను. నాయిన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు అమ్మను ఓదార్చే పని ఉండింది. మామ ఏం చేయాలో తెలియక తన తువ్వాలు తీసి నా ముందు పెట్టాడు. అడుగుదామంటే నేను ఊళ్లో లేనని, ఉన్నా తాను ఎట్లా అడుగుతాడని అన్నాడు. అది నిజమే. గోడను అడిగితే గోడ ఏం చెబుతుంది?

ఏడుపు అయ్యాక ఇద్దరం కుండ ముందు కూర్చున్నాం. మామ ఎదుట కోడలు కూర్చోవడం మా ఇళ్లలో ఎవరూ చూడని సంగతి. బిడ్డను ఆడిస్తున్న వంకతో మా ఆయన గడప దగ్గరే నిలబడి చూశాడు. బొగ్గులన్నీ పారబోసి, వాన నీళ్లలో ఆ చెట్టును కడిగాను. చచ్చిన వేరును వేళ్ల మధ్య పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపల సన్నటి దారం లాంటి ఈనె మిగులుతుంది. బతికిన వేరు గట్టిగా ఉంటుంది. ఆ తేడా ఎట్లా తెలుస్తుందో నేను చూపించాను. ఒకసారి చూపిస్తే చాలింది. పడుగులో తెగిన పోగును కళ్లు మూసుకొని వెతికి అతికే చేతులవి. ఒక్కో వేరును పట్టి చూస్తూ, గిది ఉన్నది, గిది పోయింది అంటూ పక్కకు తీశాడు. పోయినవి కుప్పయ్యాయి. చివరికి మొవ్వు కింద గట్టిగా ఉన్నవి రెండంటే రెండు వేళ్లు మిగిలాయి.

పోయిన వేళ్లు కోసేసిన చోట పసుపు అద్దాం. వేప కొమ్మ ముక్క ఒకటి తెచ్చి, నూలు దారంతో ఆయనే చెట్టును దానికి కట్టాడు. ఎక్కడ పెట్టాలని అడిగాడు. నేను చుట్టూ చూశాను. మా ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు ఆ మగ్గం గదే. పోగులు తెగకుండా ఎండాకాలం నేల తడిపి, కిటికీకి తడి గోనెపట్టాలు కట్టేవారు. కిటికీ పక్కన, మగ్గానికి ఎదురుగా వేలాడదీయమన్నాను. ఆయన వెంటనే లేచి మేకు కొట్టాడు.

అప్పటినుంచి నీళ్లు పోసే మనిషిని నేను, వేళ్లు చూసే మనిషి ఆయన. పొద్దున్నే మగ్గం ఎక్కేముందు చూసి, తెల్లగైనయి బిడ్డా అని వంటింటికి వినబడేట్టు చెప్పేవాడు. నేను చెంబుతో పోయేదాన్ని. పచ్చబడగానే చాలు చాలు అని ఆయనే ఆపేవాడు. మొదట్లో మా మధ్య ఆ ఒక్క మాటే. తర్వాత బిడ్డకు పన్ను వచ్చిందన్న మాట, కూరలో ఉప్పు తగ్గిందన్న మాట, మా అత్త ఎట్లా ఉండేదన్న మాట. ఎదురింటి ముసలామె మా ఆయనతో, నీ పెండ్లం మామతో ముచ్చట్లు పెడుతోందని ఫిర్యాదు చేసింది. మామ విని, ఇన్నేండ్లు గోడతో మాట్లాడి నోరు ఎండిపోయిందని జవాబు పంపించాడు.

రెండు ఎండాకాలాలు అది ఉలకలేదు, పలకలేదు. బతికి ఉందని చెప్పడానికి ఆ వేళ్ల పచ్చటి కొనలు మాత్రమే సాక్ష్యం. ఒక పొద్దున కొత్త వేరు మొలక వచ్చింది. మామ నన్ను పిలిచి, బిడ్డను ఎత్తుకొని వాడికి కూడా చూపించాడు. తర్వాత ఒక ఆకు వచ్చింది. పువ్వు సంగతి నేను తలచుకోవడం మానేశాను. నాయిన చూరు కింద పూసిన పూలు కళ్ల ముందు మెదిలేవి, కానీ అత్తగారింటికి వచ్చాక ఇది ఒక్కసారి కూడా పూయలేదు. బతికితే చాలనుకున్నాను.

మూడో ఏడు మృగశిర కార్తె ఇంకా రాలేదు. ఆ వారం బిడ్డకు తట్టు పోసి, నేను వాడి పక్కనుంచి కదలలేదు. బదనికకు నీళ్లు కూడా మామే పోశాడు. బిడ్డ తేరుకున్న రోజు పొద్దున పొయ్యి ముందు కూర్చొని జొన్న రొట్టెలు చేస్తున్నాను. మామ గడప దాకా వచ్చి పిలిచాడు.

“బిడ్డా, మీ నాయిన వచ్చిండు. జల్ది రా.”

నాయిన పోయిన సంగతి నాకు ఆ క్షణంలో గుర్తే లేదు. పిండి చేతులతోనే లేచాను. కాళ్లకు నీళ్లియ్యాలని చెంబు అందుకొని వాకిట్లోకి పరుగెత్తాను. వాకిట్లో ఎవరూ లేరు. వీధిలోకి చూశాను, చాపిన పడుగు తప్ప ఎవరూ లేరు. అప్పుడు తెలిసి, చెంబు అట్లాగే పట్టుకొని మగ్గం గదిలోకి పోయాను.

గోనెపట్టా పక్కకు తొలగించి ఉంది. కాడ మీద పూలు విచ్చుకున్నాయి, పసుపు గోధుమ రంగు రెక్కల మీద సన్నటి గళ్లు, మధ్యలో ఊదా రంగు నాలుక. గదంతా నాయిన చూరు కింది వాసన. మగ్గం ఆగి ఉంది. మామ గుంటలోంచి లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకొని, వియ్యంకుడు ఇంటికి వస్తే నిలబడ్డట్టు దాని ముందు నిలబడి ఉన్నాడు. పెనం మీద రొట్టె మాడి వాసన వచ్చేదాకా నేను ఆయన పక్కనే నిలబడి ఏడ్చాను.