నర్సమ్మ, పర్దా జట్కా

మా పక్కింటి నర్సమ్మ మొన్న పొద్దున పోయింది. హుస్సేనీ ఆలంలో ఆమె చేతుల మీద పుట్టని పిల్లలున్న ఇల్లు వెతకాల్సిందే. ఆమెను తలచుకుంటే, తన కోసం ఒక్క పూటైనా ఆగని మనిషని నాకు ముందు కోపం వస్తుంది, తర్వాతే ఏడుపు.

బందరు నుంచి ఆ మొగుడూ పెళ్లాలు వచ్చేనాటికి నేను కొత్తకోడలిని. ఆయన మద్రాసులో లా చదివాడు. ఇక్కడ నవాబుల కోర్టుల్లో అంతా ఉర్దూ, ఆయనకు అలిఫ్ అనే మొదటి అక్షరం కూడా రాదు, పైగా బయటివాడు. వకీళ్ల గుమ్మాల దగ్గర నిలబడీ నిలబడీ చివరికి బేగంబజార్‌లో ఒక కొట్టులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పనికి కుదిరాడు. ఆమె చదివింది కాన్పులు చేసే చదువు. గోషా ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టరుకు నాడి కూడా చూపించరు కదా, అందుకని ఆమెను మాత్రం ఎవరూ బయటిదనలేదు. పర్దా కట్టిన జట్కాలు ఆమె కోసం వచ్చి ఆగేవి. ఇల్లు గడిచేది ఆమె సంపాదనతోనే. అయినా ఆయన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఆయన చదువుకేం తక్కువ? ఈ ఊరికి అది అక్కర్లేదు, అంతే!" అని కసిరేది.

ఊళ్లో మతాల అల్లర్లు మొదలైన రోజు కాన్పుకు రమ్మని ఒక జట్కా వచ్చింది. ఆమె సంచీ సర్దుకుంటుంటే ఆయన కడుపు పట్టుకుని గోడ వెంట పాకుతూ వచ్చాడు. సందు మొదట్లో ఎవడో పొడిచాడు. వేళ్ల మధ్య నుంచి నెత్తురు కారుతోంది.

"బండెక్కండి, ఆసుపత్రికి పోదాం."

"ఆడవాళ్ల బండిలోనా? నేనెక్కను."

ఆమె చాచి లెంపకాయ కొట్టింది. జట్కా తోలే తాత ఆయన్ని ఎత్తి లోపల పడుకోబెట్టాడు. "పర్దా మీద ఎవడూ చెయ్యెయ్యడు, ఫికర్ చెయ్యకు బిడ్డా. గానీ మొగగొంతు ఇనబడిందా, ముగ్గుర్నీ నరుకుతరు" అన్నాడు. అది విని ఆయన తన కండువానే నోట్లో కుక్కుకున్నాడు.

తర్వాతది తాత చెప్పగా విన్నాను. దుకాణాలు తగలబడుతున్నాయి, మోరీ కాలవలో శవం పడి ఉంది. ఇనుపరాడ్లతో నలుగురు గుర్రాన్ని ఆపి లోపలెవరని అడిగారు.

"అందర్ కౌన్?"

"జనానా సవారీ హై భాయ్" అని, లోపలున్నది ఆడవాళ్లేనన్నాడు తాత.

ఒకడు పర్దా పట్టుకున్నాడు. ముందు కూర్చున్న నర్సమ్మ వాడి మణికట్టు పట్టి, "నీ ఇంటి ఆడదనుకుని తియ్యి!" అంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆసుపత్రి ముందు పర్దా ఎత్తితే కండువా పళ్ల మధ్యే ఉంది. దారిలో ఎక్కడ ప్రాణం పోయిందో, ఒక్క మూలుగు కూడా బయటికి రాలేదు.

"ఆ కాన్పు ఇంటోళ్లకు నేను చెప్త. నువ్వు రాకమ్మా" అన్నాడు తాత.

"నొప్పులు ఆగుతాయా?" అని, ఆయన్ని ఆసుపత్రిలో దింపించి మళ్లీ అదే బండెక్కింది. బిడ్డ అడ్డం తిరిగింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

చీకటి పడ్డాక మా పెరట్లోకి వచ్చి చేతులు చాచింది. మోచేతుల దాకా నెత్తురు. నేను నీళ్లు పోశాను. ఏది మొగుడిదో, ఏది ఆ బాలింతదో, రెండూ కలిసి రాళ్ల మీదుగా పారాయి. "ఇంకో చెంబు పొయ్యమ్మా" అంది.